లేపుడు పని

మా బడిలో డ్రాయింగ్ పీరియడ్ అంటే లెక్కల మాస్టారికి దొరికిన రెండో లెక్కల పీరియడ్ అని అర్థం. పాఠాలు వెనకబడ్డాయని ఆయన, పరీక్షలు దగ్గరికొచ్చాయని సైన్సు టీచరు, ఎవరికి తోచినప్పుడు వాళ్ళు నా పీరియడ్ ఎత్తుకుపోతారు. "మీదేముంది మాస్టారూ, బొమ్మలేగా!" అని ఓ నవ్వు కూడా పారేస్తారు. చెప్పొద్దూ, అరికాలి మంట నెత్తికెక్కుతుంది నాకు. స్టాఫు రూములో అందరి మీదా ఎగిరెగిరి చివరికి కోపిష్టి మాస్టారని పేరు తెచ్చుకున్నాను గానీ, పోయిన పీరియడ్ ఒక్కటీ తిరిగి రాలేదు.

అలా అందరూ పంచుకోగా నాకు మిగిలిన ఒకానొక పీరియడ్‌లో ఆ పిల్ల కాళ్ళు గీసింది.

బల్ల మీద బకెట్టూ మగ్గూ పెట్టి, చూసి గీయమన్నాను. పిల్లలందరూ ఇంత లావు బకెట్లు గీసి పడేసి కబుర్లలో పడ్డారు. చివరి బెంచీలో ఒక పిల్ల మాత్రం తల వంచుకుని ఇంకా గీస్తూనే ఉంది. వెనక నుంచి వెళ్ళి కాగితం లాక్కున్నాను. అందులో బకెట్టు లేదు. బెంచీల కింద వరసగా కాళ్ళున్నాయి. ఒకడు ఒక పాదంతో ఇంకో పాదం గోక్కుంటున్నాడు. ఒకమ్మాయి చెప్పుకి తెగిన పట్టీ బదులు పిన్నీసు ఉంది. లెక్కల హోంవర్కు చేయకుండా వచ్చినవాడి కాలివేళ్ళు భయంతో లోపలికి ముడుచుకుపోయాయి. ముఖాలు చూడకుండానే ఏ కాళ్ళు ఎవరివో నేను చెప్పేయగలిగాను.

"బకెట్టేదే?" అన్నాను, గొంతు పెంచి.

"మీరు అడ్డం నిలబడ్డారు మాస్టారూ. అది కనిపించలేదు. కనిపించినవి గీశాను."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను పిల్లలకి నేర్పాలని గొంతు చించుకున్నది ఆ ఒక్క మాటే. ఎవరికీ ఎక్కలేదు. ఆ పిల్లకి ఎవరూ చెప్పకుండానే వచ్చేసింది. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను గానీ, పైకి మాత్రం "తర్వాతిసారి బకెట్టు గీయి" అని కసిరాను. పొగిడితే పిల్లలు చెడిపోతారని మా గురువుగారు అనేవారు. నిజమో కాదో గానీ అలవాటైపోయింది.

ఆ పిల్లని తోటివాళ్ళు మసి అని పిలిచేవాళ్ళు. వేళ్ళు ఎప్పుడూ పెన్సిలు పొడితో నల్లగా ఉండేవి. పిలిస్తే పలికేది కూడా, ఏమీ అనుకునేది కాదు. ఒకరోజు క్లాసులో తూగుతోందని నిలబెట్టి అడిగాను.

"నిన్న ఇద్దర్ని లేపాను మాస్టారూ. ఇంకొకరు మిగిలారు. ఇవాళ ఇంటికెళ్ళి లేపాలి."

నా గుండె జారి కాళ్ళ దగ్గర పడింది. "లేపడమేంటే? ఎవర్ని లేపేశావు?"

"చచ్చిపోయినవాళ్ళని."

"చచ్చినవాళ్ళని మళ్ళీ లేపేసేదేంటి, నా మొహం!"

క్లాసంతా పగలబడి నవ్వింది. పిల్లలందరికీ తెలుసట. తెలియనిది నాకే.

సంగతేమిటంటే, బడి వెనక సందులో వాళ్ళ నాన్నకి ఫోటో స్టూడియో ఉంది. ముందు గదిలో గుర్తింపు కార్డుల ఫోటోలు తీస్తారు. అసలు పని వెనక గదిలో. ఇంట్లో ఎవరైనా పోయాక గోడకి పెట్టుకుందామంటే సరైన ఫోటో ఒక్కటీ దొరకనివాళ్ళు కొందరుంటారు. ఏ పెళ్ళి గుంపులోనో రెప్ప వేసిన ఫోటో ఉంటుంది, లేదా పోయాక తీసిందే ఉంటుంది. దాన్ని మందపాటి కాగితం మీద పెద్దగా, లేతగా అచ్చు తీసి, దాని మీద పెన్సిలుతో కళ్ళు తెరిచినట్టు గీసిస్తారు. ఆ పనికి వాళ్ళింట్లో పేరు లేపడం. కంప్యూటర్లో చేసేవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు గానీ, ఎవరివో కళ్ళు తెచ్చి అతికించినట్టుంటాయట. చేత్తో గీసినవైతే సొంత కళ్ళలా ఉంటాయని జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఒకప్పుడు నాన్న గీసేవాడు. ఆయన చేతులకి వణుకు వచ్చాక పిల్ల అందుకుంది.

ఆ సాయంత్రమే స్టూడియోకి వెళ్ళాను. కౌంటరు దగ్గర పిల్ల మేనత్త కూర్చుని ఉంది. నన్ను చూడగానే ముఖం జాలిగా పెట్టి, "ఎవర్ని లేపాలండీ?" అంది.

"ఎవర్నీ కాదమ్మా. నేను బడిలో డ్రాయింగు మాస్టార్ని."

"అయ్యో, మాస్టారా! మీ ముఖం చూసి ఎవరో దగ్గరివాళ్ళే పోయారనుకున్నాను. రండి రండి."

నోరు తెరిస్తే మూత పడని మనిషి. కానీ వచ్చినవాళ్ళ దుఃఖం ముందు మాత్రం ఆమెకి ఒకటే మాట. పూర్తయిన బొమ్మని వాళ్ళ చేతికిచ్చి, "చూడండి, పిలిస్తే పలికేట్టున్నారు" అంటుంది. ఆ మాటకి అంతవరకు బిగబట్టుకున్నవాళ్ళు కూడా భోరుమంటారు. నేనున్న కాసేపట్లోనే ఒకావిడ అలా ఏడుస్తూ ఆమె చేతులు పట్టుకుంది.

వెనక గదిలో పిల్ల కిటికీ దగ్గర పని చేస్తోంది. గోడకి ఆనించిన ముఖాలన్నీ నన్నే చూస్తున్నాయి. ముసలివాళ్ళు, వయసువాళ్ళు, ఒక చంటిబిడ్డ. ఎటు జరిగినా వాళ్ళ చూపు నా వెంటే వచ్చింది. స్టూడియో ఆయన, అంటే పిల్ల నాన్న, నేను అటూ ఇటూ జరగడం గమనించినట్టున్నాడు.

"ఇంట్లోవాళ్ళు ఏ మూల నిలబడ్డా తమనే చూస్తున్నట్టుండాలి మాస్టారూ. కోపం కనబడకూడదు, దిగులు కనబడకూడదు. రెండు ముడతలు తగ్గించాలి. బతికుండగా ఆ మనిషి ఎలా ఉండేవాడో మనకెందుకు? వాళ్ళకి ఎలా గుర్తుండిపోవాలో అలా లేపాలి."

"మీ అమ్మాయి చేతిలో ఏముందో మీకు తెలుసా?" అన్నాను, ఇక ఆగలేక.

"తెలుసు మాస్టారూ" అన్నాడాయన, వణుకుతున్న చేతులు ఒళ్ళో పెట్టుకుంటూ. "మా ఇల్లుంది."

ఆయన చెడ్డవాడైతే నా పని తేలికయ్యేది, నాలుగు దులిపేసి వచ్చేవాణ్ణి. చెడ్డవాడు కాదు. కూతురికి పెన్సిళ్ళు ఆయనే చెక్కి పెట్టేవాడు. చెయ్యి వణికి మొన విరిగితే మళ్ళీ చెక్కేవాడు.

ఆ రోజు నుంచి నేను ఆయన ప్రాణం తోడేశాను. పట్నంలో చిత్రకళ కాలేజీ ఉంది. ప్రవేశ పరీక్షలో నెగ్గితే చదువూ, హాస్టలూ అన్నీ కాలేజీవే. ఎదురుగా ఒక మనిషిని కూర్చోబెడతారు. ఆ మనిషిని చూసి గీయాలి, అంతే పరీక్ష. ఆ పిల్ల కాక ఇంకెవరు నెగ్గుతారు? పాలవాడి దగ్గర కలిసినా అదే మాట, చెప్పులు కుట్టించుకునే చోట కలిసినా అదే మాట. మేనత్త అయితే నన్ను చూడగానే "అదుగో, కాలేజీ వస్తోంది" అనేది. చివరికి ఒకనాడు ఆయన దిగివచ్చాడు.

"ఒక్కసారి మాస్టారూ. ఒకే ఒక్కసారి. వస్తే తీసుకుపోండి, నా తిప్పలేవో నేను పడతాను. రాకపోతే మాత్రం మీరు మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు. దాని మనసు రెండు చోట్ల ఉంటే పని చెడుతోంది. మొన్న ఒకాయన కళ్ళు దించేసుకున్నట్టు వచ్చాయి, ఇంటివాళ్ళు వెనక్కి తెచ్చిచ్చారు."

ఆయన చేతిలో చెయ్యేసి మాటిచ్చాను. ఓడిపోతానని అనుకుంటేగా.

బడిలో విరిగిన బెంచీలు పడేసే గది ఒకటుంది. దాన్ని ఊడ్పించి, బడి వదిలాక రోజూ అక్కడ గీయించాను. గొడుగు గీసింది, తాళాలగుత్తి గీసింది, అటెండరు వంగి గంట కొడుతుంటే ఆ వీపు గీసింది. ఆ వీపు చూసి అటెండరు తన నడుం నొప్పి బొమ్మలో కూడా తెలుస్తోందన్నాడు. చేతులు గీయడంలో అయితే నాకే ఈర్ష్య పుట్టింది, నిజం చెప్పొద్దూ. మనుషుల ముఖాలు మాత్రం గీసేది కాదు. "ముఖాలు ఇంట్లో చాలు మాస్టారూ" అనేది. నేనూ బలవంతపెట్టలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ముఖాలే గీస్తున్న పిల్ల, చేపపిల్లకి ఈత నేర్పాలా అనుకున్నాను.

మెల్లిగా నోరు విప్పడం మొదలుపెట్టింది. ఒకరోజు గీస్తూ గీస్తూ ఆగి అడిగింది.

"అక్కడ రోజూ బతికున్నవాళ్ళనే గీయిస్తారా మాస్టారూ?"

"మరి? కాలేజీ అనుకున్నావా, శ్మశానం అనుకున్నావా?"

"గీస్తుంటే కదిలిపోతే?"

"కదలనీ. కదిలితే కదిలినట్టు గీయి."

ఆ పిల్ల నవ్వింది. అంతకుముందు ఆమె నవ్వగా నేను చూడలేదు. ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్తే, "మీరు ఒకరిని నవ్వించారా!" అని ఆశ్చర్యపోయింది. నేనూ చాలా రోజుల తర్వాత ఆ పూట ఇంట్లో ఎవర్నీ కసరలేదు.

పరీక్ష రోజున నేనే బస్సులో తీసుకెళ్ళాను. వెంట వచ్చినవాళ్ళని వరండాలో కూర్చోమన్నారు. కిటికీలు ఎత్తుగా ఉన్నాయి, లోపలి మనుషులు కనిపించరు గానీ మాటలు వినిపిస్తున్నాయి. రావాల్సిన మోడలు రాలేదట. హడావుడిగా కాలేజీ వాచ్‌మన్‌ని పట్టుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. డ్యూటీ దిగిన మనిషి, టోపీ ముఖం మీదికి జారేసుకుని, పిల్లలు లోపలికి వచ్చేసరికే గురక మొదలుపెట్టాడట. గురక వరండాలోకి వినిపించింది. ఎవడో కుర్రాడు, "మేడం, ఆయన నిద్రపోతున్నారు" అన్నాడు.

"టోపీ తీసి పక్కన పెట్టండి, చాలు. నిద్రపోతే పోనీ" అంది పరీక్ష పెట్టే మేడం. "మరీ కావాలనుకుంటే ఎవరికి వాళ్ళు లేపుకోండి!"

లోపల అందరూ నవ్వారు. వరండాలో మేమూ నవ్వాం. నేనైతే పక్కాయన భుజం మీద చరిచి మరీ నవ్వాను.

పిల్ల బయటికి వచ్చినప్పుడు ముఖం వెలిగిపోతోంది. "చేతులు చాలా బాగా వచ్చాయి మాస్టారూ. బూట్లు కూడా" అంది. టీ తాగించాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారిపొడుగునా ఏవో అడుగుతూనే ఉంది. హాస్టల్లో కిటికీ పక్కన మంచం దొరుకుతుందా, సెలవుల్లో ఇంటికి వచ్చి నాన్నకి పని చేసిపెట్టి వెళ్ళొచ్చా, అక్కడ మాస్టార్లు కూడా మీలాగే అరుస్తారా. అన్నింటికీ అవుననే చెప్పాను. ఫలితాల కోసం ఆ తర్వాత వెయ్యి కళ్ళతో ఎదురుచూశాం. పిల్ల పైకి అనేది కాదు గానీ నేను గేటు దాటేసరికి ఎదురొచ్చి నా ముఖంలోకి చూసేది.

సీటు రాలేదు.

నాకు పిచ్చెక్కినట్టయింది. మర్నాడే బడికి సెలవు పెట్టి, పిల్లకి చెప్పకుండా బస్సెక్కి కాలేజీ మీదికి యుద్ధానికి వెళ్ళాను. ఆ మేడం తన గదిలో కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని అదే కళ్ళజోడు బల్లమీద వెతుక్కుంటోంది.

"మా పిల్లకి రాకపోవడమేంటండీ? అసలు మీరు కళ్ళుండే చూశారా?" అన్నాను, గుమ్మంలోంచే.

నాలాంటివాళ్ళని చాలామందిని చూసినట్టుంది, కోపం తెచ్చుకోలేదు. కూర్చోమని, బీరువాలోంచి బొమ్మల కట్ట తీసి, అందులోంచి ఒకటి లాగి నా ముందు పెట్టింది. ముఖం ఉన్న చోట తన అరచెయ్యి కప్పి, "ముందు మెడ కింద చూడండి" అంది.

చూశాను. నిద్రకి వదులైపోయిన భుజాలు, ఒకదాన్లో ఒకటి జారిపోయిన చేతివేళ్ళు, బెల్టు మీదుగా పొంగిన పొట్ట. నిలబడి నిలబడి వాచిన పాదాలకి బూటు లేసులు వదులు చేసి కాస్త ఊపిరాడనిచ్చాడు. బొమ్మలో గురక ఉంది. నా ఛాతీ ఉప్పొంగింది.

అప్పుడామె చెయ్యి తీసేసింది.

నిటారుగా నిలబెట్టిన మెడ మీద, ఆ ఒంటికంటే పదేళ్ళు చిన్నవాడైన ఒక మనిషి, ప్రశాంతంగా, కళ్ళు నిండుగా తెరిచి, తిన్నగా నన్నే చూస్తున్నాడు. కుర్చీలోంచి కొంచెం పక్కకి జరిగాను. చూపు నా వెంటే వచ్చింది.

"పరీక్ష మొత్తం నిద్రపోయాడండీ ఆయన. అందరూ నిద్రపోయే మనిషినే గీశారు, ఈ అమ్మాయి ఎవర్ని చూసింది?" అంది మేడం. "మెడ కింద ఇంత బాగా గీసిన పిల్ల మాకు ఈ మధ్య రాలేదు. మెడ పైన ఎక్కడో నేర్చుకొచ్చిన ముఖం తగిలించింది. ఇద్దరు గీసినట్టుందన్నారు మావాళ్ళు. పైగా మా వాచ్‌మన్‌కి ఎడమ కంట్లో పువ్వుంది. ఇక్కడ చూడండి, రెండూ దీపాల్లా ఉన్నాయి."

"గుడ్డికన్ను మూస్తేనేం, తెరిస్తేనేం?" అన్నాను. ఉక్రోషంలో నోటికొచ్చిన సామెత.

"తేడా ఉందండీ. మూసిన కన్ను ఆ అమ్మాయికి కనిపిస్తోంది. తెరిచిన కన్ను కనిపించడం లేదు. కనిపించనిది గీసింది."

ఆ మాట అనాల్సినవాణ్ణి నేను, అనిపించుకుని వచ్చాను.

బస్సు దిగి తిన్నగా స్టూడియోకి వెళ్ళాను. ముగ్గురూ వెనక గదిలోనే ఉన్నారు. మేడం చెప్పిందంతా చెప్పాను, చెప్తూ చెప్తూ పిల్ల మీద అరిచాను కూడా. "నిద్రపోయేవాణ్ణి నిద్రపోతున్నట్టు గీయడానికి నీకేం మాయరోగం వచ్చిందే?"

పిల్ల బిత్తరపోయి చూసింది. "వాళ్ళే లేపుకోమన్నారు కదా మాస్టారూ."

ముందుగా తేరుకున్నది మేనత్తే. "అదేం న్యాయమమ్మా! లేపుకోమని వాళ్ళే అంటారు, లేపితే తప్పంటారు. అంత చదువుకున్నవాళ్ళకి ఒక మాట మీద నిలకడ లేకపోతే ఎలా?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ మాటకి వరండాలో నేనూ నవ్వాను మరి. అప్పటికప్పుడు మేడంకి ఫోను చేసి ఈ ఇంట్లో లేపడమంటే ఏమిటో చెప్పాను. అవతల ఆమె "అయ్యో" అంది. "సీట్లు నిండిపోయాయండీ. వచ్చే ఏడాది తప్పకుండా పంపండి, నేను గుర్తుపెట్టుకుంటాను."

ఫోను పెట్టేసి స్టూడియో ఆయన వైపు తిరిగాను. ఆయన నా కళ్ళలోకి చూడలేదు. "మాటిచ్చారు మాస్టారూ" అన్నాడు, మెల్లగా, తనే ఏదో తప్పు చేసినట్టు.

"వాళ్ళ మాట వల్ల జరిగిన పొరపాటండీ ఇది. పిల్లది కాదు. ఇంకొక్కసారి..."

"వద్దు మాస్టారూ." ఆ మాట అన్నది నాన్న కాదు, పిల్ల. "వాళ్ళు అలా అనకపోయినా నేను లేపేదాన్నే. ఆయన తల వాల్చేసి, నోరు తెరుచుకుని ఉన్నాడు. చుట్టూ అందరూ అలాగే గీసేసుకుంటున్నారు. ఎవరూ ఆయన్ని పట్టించుకోవట్లేదు. నాకు భయమేసింది. అలా వదిలేసి రాలేకపోయాను."

నేను ఇంటికొచ్చేశాను. మా ఆవిడ ఏమైందని అడిగితే ఏమీ కాలేదని అరిచి పడుకున్నాను.

తర్వాత ఆ పిల్ల బడికి రావడం తగ్గించింది, ఆఖరి పరీక్షలు రాసి పూర్తిగా మానేసింది. ఇచ్చిన మాట ఒక పక్క కాళ్ళకి అడ్డం పడుతున్నా ఉండబట్టలేక కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం స్టూడియోకి వెళ్ళాను. కొత్త కాగితాలు, మంచి పెన్సిళ్ళు తీసుకెళ్ళాను. కాలేజీ మాట ఎత్తనని ముందే స్టూడియో ఆయనకి చెప్పాను. ఆయన కుర్చీ జరిపి కూర్చోమన్నాడు.

"ఏమన్నా గీస్తున్నావా అమ్మా? కాళ్ళూ చేతులూ?" అన్నాను.

"కాళ్ళు ఎవరడుగుతారు మాస్టారూ?" అంది, పనిలోంచి తల ఎత్తకుండానే. నిష్ఠూరంగా కాదు, మామూలుగా అంది.

ముందు గదిలో మేనత్త కౌంటరు మీద చెంప ఆనించి నిద్రపోతోంది. ఒక చెప్పు కాలికి ఉంది, ఒకటి జారి కింద పడింది. నోరు కొంచెం తెరుచుకుంది. నాకు ఏం పుట్టిందో, కాగితం పిల్ల ముందు పెట్టాను. "ఈ ఒక్కటీ గీయమ్మా. నాకోసం. అత్తని, ఉన్నది ఉన్నట్టు."

పిల్ల నాన్న వైపు చూసింది. ఆయన తల ఊపాడు. గుమ్మం దగ్గర పీట వేసుకుని గీయడం మొదలుపెట్టింది. కింద పడిన చెప్పుతో మొదలెట్టింది. చెప్పు లేని పాదం, కౌంటరు అంచుకి నొక్కుకుపోయిన మోచెయ్యి, చేతి కింద నలిగిన చెంప. చేతికి పాత వేగం వచ్చేసింది. చూస్తోంది, గీస్తోంది, మళ్ళీ చూస్తోంది. నాకు ప్రాణం లేచొచ్చింది. మాటా లేదు గీటా లేదు, ఈయన కాళ్ళు పట్టుకునైనా సరే వచ్చే ఏడాది తీసుకెళ్ళాలనుకున్నాను. నోరు గీసింది, ముక్కు గీసింది, నుదురు గీసింది.

కళ్ళ దగ్గరికి వచ్చి చెయ్యి ఆగిపోయింది.

"రెండు గీతలు, అంతే" అన్నాను గుసగుసగా. "రెప్పలు. చూడు, ఎదురుగానే ఉన్నాయి."

పెన్సిలు మొన కాగితానికి కాస్త పైన అలాగే ఉండిపోయింది. పిల్ల ముక్కు మీద చెమట పట్టింది. "రాదు మాస్టారూ."

"రాకపోవడమేంటి? వేలుముద్రవాడు కూడా గీస్తాడు ఆ రెండు గీతలు!"

"నేను గీస్తే అత్త పోయినట్టే ఉంటుంది."

"ఎవరూ పోరు, నువ్వు గీయి!" నా గొంతు నాకు తెలియకుండానే లేచింది.

మేనత్త ఉలిక్కిపడి లేచింది. "ఏంటా అరుపులు, ఎవరు పోయారు?" అని చుట్టూ చూసి, పిల్ల చేతిలో కాగితం చూసి దగ్గరికొచ్చింది. "ఇదేంటే, నాకు కళ్ళేవీ? నోరేంటి అలా తెరిచి పెట్టావు, ఈగలు పోవడానికా?"

పిల్ల గబగబా రబ్బరు తీసుకుంది. నోరు మూసింది, నలిగిన చెంప సరిచేసింది, మెడ నిలబెట్టింది. తర్వాత కళ్ళు గీసింది. అసలు అత్త వైపు చూడనే లేదు. చూస్తుండగానే కాగితం మీద నుంచి ప్రశాంతమైన ఒకావిడ మమ్మల్ని చూడసాగింది.

"అదీ! పిలిస్తే పలికేట్టున్నాను" అంది మేనత్త, మురిసిపోతూ.

స్టూడియో ఆయన ఆ కాగితం అందుకుని దూరంగా పట్టుకుని చూశాడు. కాగితం ఆయన చేతిలో గాలికి ఆడినట్టు ఆడుతోంది. "బాగుంది. ఫ్రేము కట్టి ఉంచుదాం. ఎప్పటికైనా కావాల్సిందేగా."

"కడితే కట్టు గానీ చవక గాజు వెయ్యకు, నన్ను సరిగ్గా కనపడనివ్వు" అంది మేనత్త. ముగ్గురూ నవ్వుకున్నారు. పిల్ల కూడా నవ్వింది, ఆ రోజు విరిగిన బెంచీల గదిలో నవ్విన నవ్వే.

నేను లేచి చెప్పులు వేసుకుంటుంటే, నా ముఖం చూసి జాలేసిందేమో, పిల్ల వెనకే వచ్చింది. నేను తెచ్చిన కాగితాల్లోంచి ఇంకొకటి చేతిలో ఉంది.

"మాస్టారూ, మీదీ గీసి పెట్టనా? ఇప్పుడైతే మీరు ఎదురుగా ఉన్నారు. చూసి గీయొచ్చు."

ఫోటోలు దిగేవాళ్ళ స్టూలు మీద కూర్చున్నాను. నా ముఖం నిండా ముడతలు, కుడి కన్ను కొంచెం చిన్నది, కోపంతో ముడిచీ ముడిచీ కనుబొమల మధ్య రెండు గాడులు పడ్డాయి. గీయాలనుకున్నవాళ్ళకి కావలసినంత ఉంది. కళ్ళు ఆర్పకుండా ఆమె వైపే చూస్తూ కూర్చున్నాను. ఆ పిల్ల ఎదురుగా పీట వేసుకుని, ఒళ్ళో అట్ట మీద కాగితం పెట్టుకుని, ముందు రెండు కళ్ళూ గీసింది. బొమ్మ పూర్తయ్యేదాకా తలెత్తలేదు.